కొండాపురం నీటిపై తెరచాప

పెన్నలో పడవ అన్న మాట ముప్పయ్యేళ్ల క్రితం కొండాపురంలో ఎవరైనా అని ఉంటే విన్నవారు నవ్వి ఊరుకునేవారు. ఏటిలో నీరు కావాలంటే ఇసుకలో చెలమ తవ్వి, అది ఊరేదాకా కడవ పక్కన పెట్టుకుని కూర్చునే సీమ ఇది. వానాకాలంలో నాలుగు రోజులు ఎర్రటి వరద వచ్చి పోయేది. మిగిలిన కాలమంతా ఏటి నడుమ ఇసుకే.

ఆ ఏరు నేడు సరస్సయింది. గాలేరు–నగరి సుజల స్రవంతి పథకం కింద గండికోట వద్ద కట్టిన జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఎక్కడో శ్రీశైలం వద్ద నిలిచిన కృష్ణా జలాలు కాలువలు, సొరంగాలు దాటి, అవుకు మీదుగా ఇక్కడికి చేరుతున్నాయి. ఈ నీటికి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. కొండాపురం, మైలవరం, ముద్దనూరు మండలాల్లో ఇరవైకి పైగా గ్రామాలు ముంపు కిందికి వచ్చాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లిన రోజులు ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. పునరావాస కాలనీల్లో పెరుగుతున్న పిల్లలకు తమ తాతగారి ఇల్లు ఎక్కడ ఉండేదని అడిగితే, పెద్దలు వేలెత్తి చూపేది నీటివైపే.

ఆ పిల్లలను గురించే ఈ వ్యాసం. తరతరాలుగా నీటి ఒడ్డున బ్రతికిన గోదావరి, కృష్ణా సీమల బిడ్డలకు ఈత, తెడ్డు, సుడి, లోతు అనేవి ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే అబ్బుతాయి. మన బిడ్డలకు ఆ వారసత్వం లేదు. వారికి నీరు కొత్త, వారి తల్లిదండ్రులకూ కొత్తే. కనుక మన ఇళ్లలో నీటిని గురించి వినిపించే మాట ఒక్కటే: అటు పోవద్దు. ఈ నిషేధం చిన్నపిల్లలకు అవసరమే. అయితే పదమూడేళ్ల కుర్రవాడిని అది ఎంతకాలం ఆపగలదు? 2017 నవంబరులో కృష్ణా నదిపై పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పడవ ఎక్కే ముందు ఏమి చూడాలో, ఏమి అడగాలో, ఎప్పుడు ఎక్కనని చెప్పాలో తెలియడం కూడా ఒక విద్యే. దాన్ని కుటుంబమంతా కలిసి నేర్చుకోవడానికి చిన్న తెరచాప పడవను మించిన పాఠశాల లేదని ఈ రచయిత అభిప్రాయం. అది పాతదై, మరమ్మతు కోరేదైతే మరీ మంచిది. కారణం ముందు ముందు తెలుస్తుంది.

తెరచాప పడవ అనగానే ధనవంతుల వినోదమన్న తలంపు సహజంగానే కలుగుతుంది. ఆ తలంపును చెరిపివేసిన ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. హుస్సేన్ సాగర్‌పై సైనికుల, పౌరుల సెయిలింగ్ క్లబ్బులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వాటిలో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించిన సుహేమ్ షేక్ 'నావిక' అనే కార్యక్రమం ద్వారా రసూల్‌పురా బస్తీలోని ఉద్భవ్ పాఠశాల పిల్లలను పడవల్లో కూర్చోబెట్టారు. కూలీనాలీ చేసుకునే కుటుంబాల పిల్లలు వారు. అలా మొదలైన వారిలో ప్రీతి కొంగర 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వరకు వెళ్లింది. అదే క్రీడల్లో రజత పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాకు చెందిన రైతు బిడ్డ. ఆమె సాధన చేసిన చోటు సముద్రం కాదు, భోపాల్ పెద్ద చెరువు. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న చెరువు ఆసియా స్థాయి నావికురాలిని తయారుచేయగలిగినప్పుడు, గండికోట నీటికి ఆ అర్హత లేదని ఎవరనగలరు?

చరిత్ర తిరగేస్తే మన ప్రాంతానికి పడవలతో బొత్తిగా సంబంధం లేదనీ అనలేము. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువ మొదట సాగునీటికే గాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినది. సుంకేసుల నుంచి బయలుదేరి, ఆదినిమ్మాయపల్లె వద్ద పెన్నను కలుసుకొని కడప దాకా సాగే ఆ కాలువలో పడవలు ఎక్కిదిగేందుకు లాకులు కట్టారు. సరుకు రవాణా ఆశించినంత జరగలేదు, కంపెనీకి లాభమూ రాలేదు, 1882లో ప్రభుత్వం దాన్ని కొనివేసింది. పడవల మాట క్రమంగా మరుగున పడి, కె.సి. కెనాల్ అంటే వరిమడి అన్న అర్థమే మిగిలింది.

ఇంకా వెనక్కి వెళితే మరో వింత కనబడుతుంది. 17వ శతాబ్దం నడుమ గండికోటను జయించి ఇక్కడి నుంచి పాలించిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా స్వయంగా ఓడల యజమాని. మచిలీపట్నం నుంచి పర్షియా, అరేబియా, పెగు రేవులకు ఆయన ఓడలు సరుకు మోసేవి. ఆ కాలపు వాణిజ్యమంతా గాలి మీదే నడిచింది. రుతుపవనానికి ఆంగ్లేయులు వాడే 'మాన్సూన్' అన్న మాట కూడా అరబీ 'మౌసిమ్' నుంచి పుట్టిందే, మన ఇళ్లలో ఉర్దూలో 'మౌసమ్' అనే మాటే అది. లంగరు, సరంగు, కళాసి వంటి మాటలు అదే దారిన తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. ఇంత సంపద గల ఓడల యజమాని ఏలిన కోట కింద, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే ప్రవహించింది!

దివ్య ఖుర్ఆన్ చదివేవారికి పడవ కొత్త విషయం కాదు. హజ్రత్ నూహ్ (అ) నావ నుంచి, సముద్రంపై కొండల్లా సాగే ఓడల వరకు ఎన్నోచోట్ల ఆ ప్రస్తావన వస్తుంది. గాలి నిలిచిపోతే అవి కదలక నిలిచిపోతాయన్న సంగతి షూరా సూరాలో ఉంది. ఇమామ్ నసాయీ సేకరించిన ఒక హదీసులో, వృథా కాలక్షేపం కిందికి రాని కొద్దిపాటి పనుల్లో కుటుంబంతో ఆడుకోవడమూ, ఈత నేర్చుకోవడమూ చేరి ఉన్నాయి. ఈ రెండూ ఒకే చోట కలిసే పని ఇంతకన్నా మరేముంటుంది?

ఇక విద్య సంగతికి వద్దాం. మన జలాశయాల్లో చేపలు పట్టేవారు వాడే పుట్టి గుండ్రటిది. తెడ్డుతో నడిపేవాడికి అది చక్కని సాధనమే గాని తెరచాప కడితే గిర్రున తిరుగుతుంది. తెరచాప పడవకు పొడవైన శరీరం, వెనుక చుక్కాని, నడుమ నీటిలోకి దిగే పలక కావాలి. ఈ పలకే అసలు రహస్యం. గాలి పడవను పక్కకు నెట్టజూస్తుంది, పలక పక్కకు పోనివ్వదు. తడి పుచ్చగింజను రెండు వేళ్ల నడుమ నొక్కితే అది ముందుకు ఎలా దూకుతుందో, గాలికీ నీటికీ నడుమ చిక్కిన పడవ అలాగే ముందుకు సాగుతుంది. అందుచేతనే గాలి వీచే దిక్కుకు కూడా పడవ వెళ్లగలదు. తిన్నగా మాత్రం కాదు. ఘాట్ రోడ్డు కొండెక్కినట్టు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకలు తిరుగుతూ, గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో పోవాలి.

గాలి ఎటు నుంచి వస్తున్నదో కనిపెట్టడం తొలి పాఠం. కళ్లంలో తూర్పారబట్టిన రైతుకు దీన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. చేట ఎత్తే ముందు ఒక గుప్పెడు పొట్టు వదిలి చూసే అలవాటు అతనికి ఉండనే ఉంది. పిల్లలకైతే ఒక చిట్కా చెప్పవచ్చు. ముఖం నెమ్మదిగా తిప్పుతూ పోయి, రెండు చెవుల్లోనూ గాలి చప్పుడు సమానంగా వినబడిన చోట ఆగితే, ముక్కు చూపే దిక్కే గాలి వచ్చే దిక్కు.

రెండవ పాఠం పడవను బోల్తా కొట్టించడం. నిజమే, శిక్షకులు కావాలనే బోల్తా కొట్టిస్తారు. ఛాతీ లోతు నీటిలో, లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన మరో పడవ కాపు ఉండగా ఆ పని చేయిస్తారు. పడవ పక్కకు ఒరిగినప్పుడు నడిమి పలకపై నిలబడి అంచు పట్టుకుని వెనక్కి వాలితే పడవ మళ్లీ లేస్తుంది. పది పన్నెండేళ్ల పిల్లలు దీన్ని ఆటలా చేస్తారు. ఎన్నడూ విడవకూడని నియమం ఒకటుంది: ఏమి జరిగినా పడవను వదలి ఒడ్డుకు ఈదబోకూడదు. తేలుతున్న పడవ దూరానికి కనబడుతుంది, మనిషి తల కనబడదు. వీటన్నిటికన్నా ముందు, ఇంట్లో పడవ ఎక్కే ప్రతి ఒక్కరూ వేసుకున్న బట్టలతో కనీసం 50 మీటర్లు ఈదగలగాలి. ఈత రానివారికి లైఫ్ జాకెట్ ప్రత్యామ్నాయం కాదు, ఈత వచ్చినవారికీ అది తప్పనిసరే.

ఇద్దరు కూర్చునే పడవలో మరో సంగతి బయటపడుతుంది. చుక్కాని పట్టిన వారి మాటే చెల్లుతుంది. అది పన్నెండేళ్ల కూతురి చేతిలో ఉంటే తండ్రి ఆమె చెప్పినప్పుడే తాడు వదలాలి, ఆమె చెప్పినప్పుడే తల వంచి అటు నుంచి ఇటు జరగాలి. వంచకపోతే తెరచాప కింది అడ్డకొయ్య అతని తలకు తగులుతుంది. ఇంట్లో తన మాటే చివరి మాటగా అలవాటుపడిన తండ్రులకు ఈ పాఠం కొంత కఠినం. అయినా మేలైనదే.

స్త్రీల విషయంలో మన సమాజంలో సందేహాలు వస్తాయని తెలుసు. అన్సారీ మహిళ హజ్రత్ ఉమ్మె హరామ్ (ర) వృత్తాంతం బుఖారీ గ్రంథంలో ఉంది. తన అనుయాయులు సముద్రంపై ఓడల్లో సాగిపోవడాన్ని దైవప్రవక్త (స) కలలో చూసి చెప్పగా, తననూ వారిలో చేర్చమని దుఆ చేయవలసిందిగా ఆమె కోరారు. హజ్రత్ ఉస్మాన్ (ర) ఖిలాఫత్ కాలంలో భర్త హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (ర)తో కలిసి సైప్రస్ దండయాత్రకు ఓడలో వెళ్లారు. అక్కడే వాహనం మీది నుంచి పడి మరణించారు. లార్నకా సమీపంలోని ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె పేర ఉన్న సమాధిని యాత్రికులు నేటికీ దర్శిస్తున్నారు. మన కాలానికి వస్తే, 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే 17 మీటర్ల తెరచాప నౌకలో బయలుదేరి, 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు తెలుగువారే: విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. ఇక దుస్తుల మాటకొస్తే, వదులుగా వేలాడే పొడవైన వస్త్రం నీటిలో కాళ్లకు చుట్టుకుంటుంది. చీర అంచుకూ, పంచెకూ కూడా ఇదే ప్రమాదం. ఒంటినంతా కప్పే ఈత దుస్తులు, తలకు బిగుతుగా అంటుకునే వస్త్రం ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. మర్యాదకూ, భద్రతకూ ఇక్కడ విరోధం లేదు.

ఇప్పుడు పాత పడవ సంగతి. పిల్లల పడవల్లో లోకమంతటా వాడుకలో ఉన్నది ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లారిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల పనివాడు, పేద పిల్లలు సైతం రెండు ప్లైవుడ్ పలకలతో చేసుకోగలిగేలా దీన్ని రూపొందించాడు. పొడవు 2.3 మీటర్లు, అంటే మన మంచం కన్నా కొంచెం పొడవు. బరువు 35 కిలోలు, సిమెంటు బస్తా కన్నా తేలిక. తెరచాప ఒంటి మంచపు దుప్పటంత. ఇద్దరు ముగ్గురు పట్టేవాటిలో 1956 నాటి ఎంటర్‌ప్రైజ్ అనే రకాన్ని మన దేశపు క్లబ్బుల్లో వాడారు. క్లబ్బులు కొత్తవి తెచ్చుకున్నప్పుడు పాతవి మూలన పడతాయి. అటువంటి దాన్ని అడిగి తెచ్చుకోవడం కొత్తది కొనడం కన్నా ఎన్నో రెట్లు చవక.

అయితే చవక అని కళ్లు మూసుకుని తేరాదు. ఫైబర్ పడవనైతే పిడికిలితో అడుగడుగునా తట్టి చూడాలి. గట్టి చోట టంగుమని పలుకుతుంది, లోపల పొరలు విడిపోయిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. పైన అడుగు వేస్తే మెత్తగా దిగే చోట నీరు చేరి ఉందని అర్థం. పడవను ముంచకుండా ఆపేవి దాని ఇరుపక్కల ఉండే గాలి గదులు. వాటి మూతలు బిగించి, అతుకుల మీద సబ్బునీరు పూసి, లోపలికి మెల్లగా గాలి ఊదితే చిల్లి ఉన్నచోట బుడగలు లేస్తాయి. సైకిల్ ట్యూబుకు పంక్చర్ వెతికే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. ఈ పరీక్షలో తప్పిన పడవను, బాగుచేయకుండా, ఎంత ముచ్చటగా ఉన్నా నీట దింపరాదు. ప్లైవుడ్ పడవనైతే మూలల్లో సూదిమొన గుచ్చి చూడాలి. మొన తేలికగా దిగితే చెక్క కుళ్లినట్టే, ఆ ముక్క కోసి కొత్తది అతకాలి. స్తంభాన్ని పట్టి ఉంచే ఇనుప తీగల్లో ఒక్క పోగు తెగినా తీగ మొత్తం మార్చాలి. తాళ్లు, తెరచాప ఎండకు పెళుసెక్కుతాయి, గోటితో గీకి లాగితే చిరిగే గుడ్డ గాలికి నిలవదు.

ఈ పనులేవీ మన ఊళ్లకు కొత్తవి కావు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో వడ్రంగులు, వెల్డింగు పనివారు, ఫైబర్ తొట్లకు అతుకులు వేసేవారు ఉన్నారు. వారి దగ్గర పిల్లవాడు రెండు ఆదివారాలు నిలబడితే బడిలో ఏడాదికి రాని జ్ఞానం కొంత వస్తుంది. కడప ఎండలో మాత్రం ఒక జాగ్రత్త. అతుకు వేసే రెసిన్, గట్టిపరిచే ద్రావకం కలిపిన తరువాత వేడికి త్వరగా బిగుసుకుపోతుంది. వేసవిలో మధ్యాహ్నం కలిపితే పూసేలోపే గిన్నెలో రాయి అవుతుంది. ఫజ్ర్ నమాజ్ తరువాత, చల్లని పూట, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. చేతి తొడుగులు ఉండాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు హాని, కనుక ముక్కుకు మాస్కు తప్పదు, చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి. వారికి తాళ్ల ముడులు, రంగులు అప్పగించవచ్చు.

మరమ్మతు వల్ల కలిగే మేలు డబ్బు ఆదా ఒక్కటే కాదు. తాను అతికిన అతుకు మీద కూర్చుని నీటిలోకి వెళ్లేవాడు పడవను చూసే చూపు వేరు. ఏ చోట బలహీనమో, ఏ మేకు కొత్తదో అతనికి తెలుసు. రేపు ఏ పర్యాటక పడవ ఎక్కినా అతని కన్ను ముందుగా వాటి మీదికే పోతుంది. పాతదైతే మరీ మంచిదని పైన అన్నది ఇందుకే.

పడవను కుట్టి చేయడం మన తీరానికి పూర్వం నుంచీ తెలుసు. కోరమండల్ తీరంలో కెరటాలను దాటేందుకు వాడిన మసులా పడవల్లో మేకులు ఉండేవి కావు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, కెరటం తగిలినప్పుడు పడవ విరగకుండా వంగి నిలిచేది. 1960లలో బ్రిటన్‌లో ఒక దినపత్రిక ప్రోత్సాహంతో వచ్చిన 'మిర్రర్' అనే కుటుంబ పడవ ఉపాయమూ ఇంచుమించు అదే. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్ పట్టీ, రెసిన్ వేస్తారు. సాధారణ కుటుంబాలు తమ ఇళ్లలోనే వేల సంఖ్యలో వీటిని తయారుచేసుకున్నాయి. కహఫ్ సూరాలో హజ్రత్ ఖిజ్ర్ (అ) బీదల పడవకు లోపం కలిగించిన ఘట్టం పాఠకులకు తెలిసిందే. బాగున్న ప్రతి పడవనూ లాక్కునే రాజు చేతికి అది చిక్కకుండా కాపాడింది ఆ లోపమే. లోపమున్న పడవ బాగుపడుతుంది, పోయిన పడవ తిరిగి రాదు.

గండికోట నీటిపైకి వచ్చేసరికి కొన్ని మాటలు నిర్మొహమాటంగా చెప్పాలి. జలాశయం జలవనరుల శాఖ అధీనంలోనిది. అధికారుల అనుమతి లేకుండా ఎంత చిన్న పడవనైనా దింపడం తగదు. ఆనకట్ట గేట్ల వైపు, కాలువలకు నీరు తీసే చోట్ల వైపు ఎన్నడూ పోరాదు. కనుమలో నిటారు రాతిగోడల నడుమ గాలి ఒక దిక్కు నుంచి రాదు, సుడులు తిరుగుతుంది, ఉన్నట్టుండి మీద పడుతుంది. నేర్చుకునేవారికి అది చోటు కాదు, విశాలంగా పరచుకున్న ఎగువ నీరే మేలు. అక్కడ మరో ప్రమాదముంది. నీటి మట్టం ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది. మట్టం తగ్గినప్పుడు మునిగిన ఊళ్ల గోడలు, మొండి చెట్లు, స్తంభాలు నీటికి ఒక మూర కిందనే ఉండవచ్చు. పడవ నడిమి పలక వాటికి తగిలితే విరుగుతుంది. ఎక్కడ ఏ వీధి ఉండేదో, ఏ చేను ఎంత పల్లమో చెప్పగలిగినవారు ఆ ఊళ్ల పెద్దలే. ఏ పటంలోనూ లేని ఆ వివరం ఇంకా వారి జ్ఞాపకంలోనే ఉంది. నీటివైపు చూడటానికే ఇష్టపడని తాత మనవడి పక్కన కూర్చుని కాగితం మీద ఊరి గీతలు గీస్తే, అది పడవ భద్రతకూ పనికివస్తుంది, మునిగిన ఊరి చరిత్రగానూ నిలుస్తుంది. ఆ పని పడవ దొరికేదాకా ఆగనక్కరలేదు.

నేర్చుకోదలచిన కుటుంబం మొదట హుస్సేన్ సాగర్ వంటి చోట శిక్షకుల వద్ద కొన్నాళ్లు గడపడం మంచిది. పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదిది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రాయలసీమ మీద వీచే పడమటి గాలి ఆరితేరినవారికే గాని కొత్తవారికి తగదు. వానలు వెనుకబట్టి, జలాశయంలో నీరు నిలిచి, గాలి మెత్తబడిన చలికాలపు ఉదయాలు అనుకూలమైనవి. మొదటి నెల తెరచాప ఇంట్లోనే ఉంచి తెడ్లతో మాత్రమే నడపాలి. ఒడ్డున ఒక పెద్ద మనిషి ఎప్పుడూ నీటినే చూస్తూ కూర్చోవాలి, ఆ పూట అతని చేతిలో ఫోను ఉండకూడదు.